రాక్షసగుళ్ల దగ్గర వంట

ఆదిశేషయ్య రవ్వ అడుగంటకుండా కలియబెడుతున్నాడు. మూడు రాళ్ల పొయ్యిలో చిదుగులు చిటపటమంటున్నాయి. బక్క మనిషి. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. పొగకు కళ్లు నీరు కారుతున్నా గరిటె ఆపలేదు.

బెజవాడలో ఇరవై ఏళ్లు చావు జరిగిన ఇళ్లలో దినాల వంటలే చేశాడు. దినాల ఆదిశేషయ్య అనేవారు. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దరిదాపులకు రానిచ్చేవారు కాదు. కిందటేడు ప్లీడరు సాంబమూర్తిగారింట్లో చేరాక ఆ పేరు మరుగున పడింది. వచ్చే మాఘంలో వాళ్లమ్మాయి నాగమల్లేశ్వరి పెళ్లికి వంట నీదేనని అమ్మగారు శివపార్వతి మాటిచ్చారు. దానికోసం పొడుగు కాడ ఇత్తడి గరిటె కొనుక్కున్నాడు. చేయి అలవాటు పడాలని ఇవాళే బయటికి తీశాడు.

ప్లీడరుగారి కుటుంబం వనభోజనానికని మైలవరం దాటి ఈ గుట్టకు బండి కట్టించుకు వచ్చారు. పెద్ద బండలు గుండ్రంగా పాతి ఉన్నాయి. మధ్యలో రాతిపలకల గూడు.

మధ్యాహ్నం ఉప్మా తిన్నారు. ఎంగిలి విస్తళ్లు ఆ గూట్లోకే విసిరారు. ప్లీడరుగారు తాంబూలం నమిలి పలక మీద ఎర్రగా ఉమ్మారు.

"రాక్షసులు కట్టిన గుళ్లా ఇవి, నాన్నగారూ?" అంది నాగమల్లేశ్వరి.

"గుళ్లేమిటే, సమాధులు. వేల ఏళ్ల కిందటివి."

ఆదిశేషయ్య పొయ్యిరాళ్ల వంక చూశాడు. ఆ పాతిన బండల మధ్య నుంచి ఏరి తెచ్చినవే.

"ముందే చెబితే అవతల వండేవాణ్ణి కదండీ."

"ఎక్కడికెళ్లినా నీకు దినం వంటే రాసిపెట్టుందయ్యా" అన్నారు ప్లీడరుగారు. అందరూ నవ్వారు.

శివపార్వతి నవ్వలేదు. నేతి వేళ్లు నాక్కుంటూ, "ఆ చేత్తో పెళ్లి వంట వద్దులెండి. ఉయ్యూరు నుంచి ఇంకెవర్నయినా పిలిపించండి" అంది మొగుడితో.

ఆదిశేషయ్య ఉమ్మి పడిన పలక వంక చూశాడు. అన్నేళ్లు చావు ఇళ్లలో తిరిగినా, శవాన్ని పడుకోబెట్టిన చోట ఎవరూ ఉమ్మగా చూడలేదు.

వాళ్లు జంపఖానా పరుచుకుని నడుం వాల్చారు. అతను పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. పొయ్యి ఆర్పాడు. గిన్నెలు తోమి బండిలో సర్దాడు. పైపంచె దులుపుకుని గుట్ట దిగి, మైలవరం దారి పట్టాడు. ఎడ్లను కట్టేదాకా అతను లేడని ఎవరికీ తెలియలేదు.

పెళ్లికని కొన్న గరిటె మాత్రం పొయ్యి పక్కనే పడి ఉంది. బండి వెంట వచ్చిన కుక్క దానికంటిన ఉప్మా నాకుతోంది. నాకినంత మేరా కొత్త ఇత్తడి మెరుస్తోంది.