గోళ్లరంగు గీత

"గరిటెల పక్కన పానా ఏంటి? ఇది వంటిల్లా, మెకానిక్ షెడ్డా?" ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు మా ఆయన సాయిప్రసాద్.

"మీ షేవింగ్ బ్రష్షు పంచదార డబ్బా పక్కన ఆరబెట్టొచ్చా?" అన్నా.

"ఎదురు చెప్పడం బాగా వచ్చింది," అన్నారు అత్తయ్య బాలామణి, మజ్జిగ చిలుకుతూ.

ఆ పానాతోనే నా సైకిల్‌ని దారికి తెచ్చుకున్నా. తొంభై ఏడులో కొన్న పాత లేడీస్ సైకిల్, గేర్లు లేవు. దాని మీదే జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు బడికి వెళ్తాం. నేను పాఠాలు చెప్పడానికి, వెనక క్యారేజీ మీద మా పాప మహతి మూడో తరగతి చదవడానికి. నందిగామ బడివాళ్లు ఉద్యోగంతో పాటు ఉండటానికి గది కూడా ఇస్తాం రమ్మన్నా, ఇల్లు వదల్లేక కాదన్నా. ముందు బ్రేకు రబ్బర్లు మార్చా, తర్వాత డైనమో పెట్టా. ఎత్తు ఎక్కలేక, వెనక పద్దెనిమిది పళ్ల చక్రం తీసి ఇరవై రెండు పళ్లది వేసి, గొలుసు పొడిగించా. అంతా కృష్ణయ్య కొట్టు ముందు నిలబడి చూసి నేర్చుకున్నదే. ఎత్తు ఎక్కడం తేలికైందని చెప్తే మా ఆయన నవ్వారు. "ఏదో ఒకరోజు పడతావు. అప్పుడు మానేస్తావులే."

పోయిన గురువారం హైవే ముందు వాలులో బ్రేకు పట్టలేదు. రెండు కాళ్లూ నేలకేసి ఈడ్చా. చెప్పు తెగింది. జానెడు దూరంలో సిమెంటు లారీ దాటిపోయింది. మహతి నా నడుం ఎంతసేపటికీ వదల్లేదు. దిగి చూస్తే బ్రేకు నట్టు వదులైపోయి ఉంది.

"ఆడవాళ్లు బిగిస్తే నట్లు నిలుస్తాయా?" అన్నారు అత్తయ్య. నిజమేనేమోనని రెండు రోజులు నా చేతుల వంకే చూసుకున్నా. మళ్లీ బిగించి, నట్టు మీంచి బ్రేకు కడ్డీ మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత గీశా. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

శనివారం సాయంత్రం గీత కలిసే ఉంది. ఆదివారం సైకిల్ వరండా దాటలేదు. మధ్యాహ్నం చూస్తే గీత రెండు ముక్కలు. నట్టు వేలితో తిరుగుతోంది. పానా గరిటెల పక్కనే ఉంది, కానీ నేను పెట్టిన వైపున కాదు.

భోజనాల దగ్గర మహతికి పప్పన్నం కలుపుతూ అన్నా, "రేపు పాపను నా సైకిల్ మీద మీరు దింపండి."

ఆయన చేతిలో ముద్ద ఆగింది. "సైకిల్ వద్దు. స్కూటర్ మీద దింపుతా."

"సైకిల్‌కేమైందిరా?" అన్నారు అత్తయ్య.

ఆయన కంచం నా వైపు జరిపారు.

కంచంలో చారు పోశా. "రేపు నేనూ మహతీ నందిగామ వెళ్తున్నాం. అక్కడే ఉంటాం. సైకిల్ బస్సు మీద వేయిస్తా," అన్నా. "నట్టు బిగించేశా. పానా కూడా తీసుకెళ్తున్నా."