రెండో కాలి గజ్జెలు

పద్యానికి నాలుగు పాదాలుంటాయి. కోవూరులో క్రాంతి కుమార్, జయశీల దంపతుల నాట్యానికి మాత్రం మూడే. మనుబోలు దగ్గర హైవే మీద ఒక లారీ జయశీల కుడికాలిని మోకాలి పైదాకా పట్టుకుపోయిన తర్వాత లెక్క అట్లా నిలబడిపోయింది. లెక్కతో పాటు జయశీల కూడా నిలబడింది. ఒక వరస గజ్జెలు తన ఎడమకాలికి కట్టుకుని, కుడికాలి వరసను మొగుడి కాలికి కట్టి, అతని భుజం పట్టుకుని ఆడేది. ఆమె ఎడమ అడుగూ అతని కుడి అడుగూ కలిస్తే, కళ్లు మూసుకున్నవాడికి ఒక్క మనిషే ఆడుతున్నట్టు వినిపించేది.

క్రిస్మస్ కార్యక్రమాల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో ఈ జంటకు మంచి గిరాకీ. చప్పట్లలో సగం లోపు జయశీల ఆటకు, సగానికి పైన క్రాంతి కుమార్ త్యాగానికి. "మొగుడంటే అట్లా ఉండాల" అని ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. ఆ మాట ఇంకోసారి వినపడేదాకా అతను వేదిక దిగేవాడు కాదు.

అట్లాంటి కాపురంలో కొత్త కాలు అడుగుపెట్టింది.

కృష్ణపట్నం రేవు దగ్గర ఒక కంపెనీవాళ్లు ఇప్పించారు. దానికి మోటారు మోకాలు, పిక్క దగ్గర అడుగు పడటాన్ని పసిగట్టే సెన్సారు. జయశీల ఎట్లా కావాలంటే అట్లా వంగుతుంది. ఆ ఇంట్లో ఆవిడ కావాలన్నట్టల్లా వంగేది తానొక్కడే అనుకుంటున్న క్రాంతి కుమార్‌కు అది మొదటి దెబ్బ. కాలు వచ్చింది ఆమెకు, కాలింది ఇతనికి.

ఇంట్లో సరిగ్గా పనిచేసే ప్లగ్గు ఒక్కటే. ఇన్నాళ్లూ అది అతని ఫోనుది. ఇప్పుడు అక్కడ ఆ కాలు పచ్చలైటు వెలిగించుకుని దర్జాగా ఛార్జింగుకు కూర్చుంటోంది. కాలు కూర్చోవడమేమిటని అడిగే ఓపిక కూడా అతనికి లేదు. పొద్దున లేస్తే జయశీల "దానికి నిండిందా చూడు" అంటుంది గానీ, మొగుడి కడుపు నిండిందా అని అడగడం మానేసింది.

ఆ కంపెనీవాళ్లే తమ వార్షికోత్సవంలో ఆడమని పిలిచారు. ముందురోజు మధ్యాహ్నం కంపెనీ హాల్లోనే రిహార్సలు. కాలు అమర్చిన టెక్నీషియన్ ముఖేష్ కూడా వచ్చాడు. జయశీల మొగుడి వైపు చెయ్యి చాపింది.

"ఆ గజ్జెలు ఇయ్యి."

"ఏ గజ్జెలు?"

"నా కుడికాలివి. కాలొచ్చింది గదా."

"మరి నేను?"

"నువ్వు ముందు వరసలో కూర్చోని చూడు. నేను ఆడేది ఎప్పుడన్నా చూసినావా? పక్కన నిలబడుకోని జనాన్ని చూస్తావు గానీ."

అతను విప్పి ఇచ్చాడు. ఆ ముడి అంత మొండిదని అతనికి ఇన్నాళ్లూ తెలీదు.

జయశీల పాత అలవాటు కొద్దీ చీలమండ నుంచి పైకి చుట్టుకుంటూ పోయి, సెన్సారు మీదికే తెచ్చి బిగించింది. రెండడుగులు వేసిందో లేదో, మోకాలు చలిజ్వరం వచ్చినట్టు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముఖేష్ పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"అక్కా, గజ్జె మోగినప్పుడల్లా అడుగు పడిందనుకుంటా ఉండాది ఇది. ఎక్కడ కట్టినా ఇంతే. ఈ కాలికి గజ్జెలు ఒద్దు."

సెన్సారంటే సినిమాల్లో సీన్లు కత్తిరించేదేనని తెలిసిన క్రాంతి కుమార్‌కు, కత్తిరించిన తన సీనును అది మళ్లీ అతికించడం చూసి తొలిసారి దాని మీద ప్రేమ పుట్టింది. కాలు ముందుకు చాపి నిలబడ్డాడు.

"కట్టుకో," అంది జయశీల. "కట్టుకోని తెర వెనకుండు. కింద మైకు పెడతారు. నా కుడికాలు పడినప్పుడల్లా నువ్వు తట్టు."

"తెర వెనకా? నేనా?"

"నా అడుగు ఇంకెవరికి తెలుసు?"

అది పొగడ్తో, పొగబెట్టడమో తేల్చుకోలేక, అతను నోటికి తాళం వేసుకుని కాలితో తాళం వెయ్యడానికి ఒప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం హాలు ఉద్యోగులతో, వాళ్ల పిల్లాపాపలతో నిండిపోయింది. క్రాంతి కుమార్ తెర సందులోంచి చూస్తూ తట్టాడు. జయశీల ఎవరి భుజమూ పట్టుకోకుండా గిర్రున తిరిగింది. ఇన్నాళ్లూ అతని భుజాన్ని పట్టుకున్న చెయ్యి గాలిలో పువ్వులా విచ్చుకుంది. బాగుంది. అంత బాగుండటమే అతనికి గిట్టలేదు. తాను పక్కనున్నప్పుడు ఈ మనిషి ఇట్లా ఎందుకు ఆడలేదు?

ముందు వరసలో కంపెనీ అధికారి హెబ్రోను సారు పక్కాయనతో అన్నాడు: "చూడండి, ఆ కాలు ఎట్లా మోగుతా ఉండాదో."

మోత ఇతనిది, మోజు దాని మీద. సరిగ్గా అప్పుడే పాట ఆగి, గజ్జెలు మాత్రమే వినపడాల్సిన చోటు వచ్చింది. జయశీల కుడిపాదం నేలను తాకింది. క్రాంతి కుమార్ తట్టలేదు.

ఆమె పాదం వైపు చూసింది. మళ్లీ వేసింది. చప్పుడు లేదు. తెర సందు వైపు తిరిగింది. గ్యాసు అయిపోయిందని అతను చెప్పకుండా దాచినప్పుడు ఆమె చూసే చూపు అది. అతని కాలు తనంతట తానే పడి ఝల్లుమంది. ఈసారి ఆమె పాదం దించలేదు. దాన్ని గాలిలోనే ఉంచి, ఆ మోత ఎవరిదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జనాన్ని చూసింది. జనం నవ్వారు.

అతనికి ఒళ్లు మండింది. మళ్లీ తట్టాడు. ఆమె చూపుడువేలితో కాలిని మందలించింది. వరసపెట్టి తట్టాడు. ఆమె ఎడమకాలి గజ్జెలతో అంతకంటే వేగంగా బదులిచ్చింది. నాలుగు గోడల మధ్య జరగాల్సిన గొడవ నాలుగు స్పీకర్లలో జరిగింది. ఎప్పుడూ అతని అడుగు ముందు పడితే ఆమె అందుకునేది. ఇప్పుడు ఆమె లాగుతుంటే ఇతను పరిగెత్తుతున్నాడు. చివరికి ఆయాసపడి ఆగిపోయాడు. అప్పుడు జయశీల ఎడమకాలు పైకెత్తి, ఒంటి బరువంతా కొత్త కాలి మీదే వేసి, చప్పుడు లేకుండా నిలబడింది. హాలు లేచి చప్పట్లు కొట్టింది.

హెబ్రోను సారు దండతో తెర వెనక్కి వచ్చి జయశీల మెడలో వేశాడు. "ఆ కాలు అలిగే భాగం బ్రహ్మాండం. ఎవరు కూర్చినారమ్మా?"

క్రాంతి కుమార్ గజ్జెలు విప్పుకునే వంకతో కిందికి వంగాడు.

"ఈయనే సార్," అంది జయశీల. "అలగడంలో ఈయన్ను మించినోళ్లు లేరు."

సారు వెళ్లాక ఆమె గొంతు తగ్గించింది. "నేను పడిపోవాలని ఆపినావా?"

"లేదు. నన్ను వెతుక్కుంటావని."

"వెతుక్కున్నా గదా. కనపడినావు. చాలదా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "చాలదు. నీకొక్కదానికే కనపడినా."

జయశీల నవ్వింది. "అయితే ఈసారి నుంచి జనం ముందరే పోట్లాడుకుందాం. భుజం పట్టుకోను. నువ్వు నాకు ఎదురుగా ఉండాల. ఓడిపోతావు మరి."

అతను ఆమె మెడలోని దండ వైపు చూశాడు.

"సరేలే," అన్నాడు. "దండ ముందు ఎవరికేస్తారు?"