అధ్యక్షులవారి గ్లౌజులూ నా పిడీ

నేను ఒక పిస్తోలును. కంగారు పడకండి. నేను ఇంతవరకు చంపినవన్నీ కాగితాలే, అవి కూడా గుండ్రంగా గీతలు గీసి చంపమని ఎదురుగా నిలబెట్టినవే. నన్ను చేసింది ఎక్కడో చలిదేశంలో. అక్కడి పనివాడు నా చెక్క పిడిని ఆకురాయితో అరగదీసి, తన అరచేతిలో పెట్టుకుని చూసి, చాలక మళ్ళీ అరగదీశాడు. మనిషి చర్మానికి సరిగ్గా ఆనాలని అంత కష్టపడ్డాడు పిచ్చివాడు. అక్కణ్ణుంచి ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి గుంటూరులో ఒక రైఫిల్ క్లబ్బులో పడ్డాను. వాడి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

క్లబ్బులో ఎక్కువమంది మిర్చి వ్యాపారులు, మిగిలినవాళ్ళు వాళ్ళ లాయర్లు. సాయంత్రం వచ్చి నాలుగు గుళ్ళు పేల్చి, బజ్జీలు తిని, ఆపైన ఒకటే వాదన. పిస్తోలు కాల్చేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకోవాలా, వద్దా? వెనక్కి తన్నే దెబ్బ తట్టుకోవాలంటే వేసుకోవాల్సిందేనని ఒక వర్గం. వేలికి ట్రిగ్గర్ తెలియదు, వద్దని ఇంకో వర్గం. నేను వెనక్కి తన్నేది ఎంతనుకున్నారు? కోడిపిల్ల ముక్కుతో పొడిచినంత. దానికోసం ఈ పెద్దమనుషులు ఒకరింట్లో పెళ్ళికి ఒకరు వెళ్ళడం కూడా మానేశారు.

గ్లౌజు వర్గానికి నాయకుడు మా అధ్యక్షుడు పూర్ణచంద్రరావు. యార్డులో పెద్ద మిర్చి వ్యాపారి. ఆయన నల్లతోలు గ్లౌజులు తెప్పించుకున్నాడు. వేసుకున్నాక అద్దంలో చూసుకుని మురిసిపోయాడేమో, ఇక తీయలేదు. కారులో అవే, యార్డులో అవే. టిక్కీలో, అదే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి కాయ తీసి, విరిచి, గింజలు వేళ్ళ మధ్య నలిపి చూసేదీ వాటితోనే. పూర్వం సాయంత్రానికి చేతులు భగ్గున మండేవట, గ్లౌజులొచ్చాక హాయిగా ఉందని అందరికీ చెప్పుకునేవాడు. ఆ మంట ఎక్కడికి పోయిందని మాత్రం ఆయన ఒక్కసారైనా ఆలోచించలేదు. అది గ్లౌజు మీద ఉంది. తోలు పాడవుతుందని దాన్ని ఎన్నడూ కడగలేదు కూడా.

ఆ క్లబ్బులో నేను గౌరవించింది ఒక్కరినే. ఆమె పేరు హవీల, ఒక నర్సు కూతురు. కాలేజీలో ఎన్‌సీసీ చేసి తుపాకీ పట్టడం నేర్చుకుంది. సొంత పిస్తోలు లేదు కాబట్టి నాతోనే సాధన చేసేది. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, అప్పుడు నన్ను ఎత్తేది. గట్టిగా నొక్కేది కాదు, వదులుగానూ పట్టేది కాదు. ఆ చేతిలో ఉన్నప్పుడే చలిదేశపు పనివాడు ఏం కోరుకున్నాడో నాకు అర్థమయ్యేది. ఆమె రాష్ట్ర జట్టుకు ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగానికి అర్హత వస్తుంది. అదే ఆఖరి అవకాశం, ఆ ఏడాది పోతే వయసు దాటిపోతుంది.

ఎంపిక పోటీ మండు వేసవిలో పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు, నా గొట్టానికి కుంకుమ బొట్టు కూడా పెట్టారు, సిగ్గుతో చచ్చాను. మొదటి గుళ్ళు అధ్యక్షుడు పేల్చడం మా ఆనవాయితీ. పూర్ణచంద్రరావు యార్డు నుంచి నేరుగా వచ్చి, గ్లౌజులతోనే నన్ను పిసికినట్టు పట్టుకుని, గురి తప్పి ఎదురుగోడను పేల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే నన్ను హవీలకు ఇచ్చారు. రాష్ట్రం నుంచి వచ్చిన పరిశీలకుడు పోటీ నిబంధన ప్రకారం ఆమె చేతులకు తొడుగులేమైనా ఉన్నాయేమోనని తిప్పి తిప్పి చూశాడు. నా పిడిని ఎవరూ చూడలేదు.

మొదటి గుళ్ళన్నీ నడిబొడ్డునే తగిలాయి. తర్వాత ఆమె నన్ను బల్ల మీద పెట్టి, కంట్లోకి జారుతున్న చెమటను వేళ్ళతో తుడుచుకుంది. అంతే, కెవ్వుమంది.

"సార్, కన్ను మండిపోతంది. దీని పిడికి కారం ఉంది. టైము ఆపి కడగనియ్యండి సార్."

"పిస్తోలుకి కారమేందమ్మా, అదేమన్నా ఆవకాయ జాడీనా?" అన్నాడు సెక్రటరీ, లాయరు పానకాలరావు. అందరూ నవ్వారు.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే," అన్నాడు పూర్ణచంద్రరావు. "గురి కుదరకపోతే ఇన్ని సాకులా?"

హవీల నీళ్ళు కారే కంటితో వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "సాకే అయితే, ఆ గ్లౌజుతో మీ కన్ను ఒక్కసారి తుడుచుకోండి సార్. నేను ఇట్నించి ఇటే ఇంటికి పోతా."

ఆయన నవ్వుతూనే చెయ్యెత్తాడు. అది మూతిదాకా వచ్చి ఆగింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కారంలోనే బతికిన మనిషి, వాసన తెలియకుండా ఉంటుందా? చెయ్యి మెల్లగా దిగి జేబులోకి పోయింది. "సర్లే, టైమవుతంది, కానియ్యండి," అన్నాడు.

అందరూ చూశారు. గ్లౌజు వద్దని ఏళ్ళతరబడి గొంతు చించుకున్న వర్గం కూడా నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చుంది. పరిశీలకుడు గడియారం చూసుకుని, తుపాకీ చెడిపోతే టైము ఆపుతాం గానీ కన్ను మండితే ఆపమన్నాడు.

ఆమె సీసాలో నీళ్ళు కంట్లో కొట్టుకుంది, తడి చున్నీ కొంగుతో నా పిడి తుడిచింది. కారం మంట అంత తొందరగా పోతుందా? కుడికన్ను తెరుచుకోలేదు. ఎడమకంటితో మిగతా గుళ్ళు కాల్చింది. చెయ్యి మాత్రం చివరిదాకా వణకలేదు. ఆమె ఎంపిక కాలేదు. నాకు గుండె లేదంటారు గానీ, ఆ సాయంత్రం నేను ఏడవలేక ఊరుకున్నాను.

తర్వాతి వారం కమిటీ కూర్చుంది. పిస్తోలు వల్ల సభ్యుల చేతులకు కారం అంటుకునే ప్రమాదం ఉన్నందున, ఇకమీదట ప్రతి ఒక్కరూ గ్లౌజులు వేసుకునే దాన్ని ముట్టుకోవాలని తీర్మానించింది. పిస్తోలు వల్లనట! రెండు వర్గాలూ ఏకగ్రీవంగా ఒప్పుకుని, మళ్ళీ ఒకరింట్లో పెళ్ళికి ఒకరు వెళ్ళడం మొదలుపెట్టాయి.

హవీల మళ్ళీ రాలేదు. మొన్న పానకాలరావు నన్ను పెట్టెలో పెడుతూ పక్కాయనతో అన్నాడు, "ఆ పిల్ల బట్టల షాపులో బిల్లింగు కాడ ఉందంట. మంచి చెయ్యి, పాపం."

ఆయన చేతికి గ్లౌజు ఉంది. ఇప్పుడు నన్ను పట్టుకునే చేతుల్లో ఏది ఎవరిదో నాకు తెలియదు, అన్నీ తోలే. నాకు తెలిసిన ఒక్క చెయ్యి చీరలకు బిల్లులు కొడుతోంది.