నూనె పోసిందెవరు?

నేను ఒక తలుపును. ఒంటిరెక్క తలుపును. అయిదున్నర అడుగుల ఎత్తు, రెండు మడతబందులు, ఒక గొళ్ళెం. ఇంతేనా అని పెదవి విరవకండి. ముప్పై రెండు దయ్యం సినిమాల ట్రైలర్లలో మీ చేత కళ్ళు మూయించింది నేనే. దయ్యం వేషం కట్టినవాళ్ళ పేర్లు తెర మీద పడ్డాయి, నా పేరు ఎక్కడా పడలేదు. పోనీలెండి, తలుపు అలిగి మూసుకుంటే మీకే ఇబ్బంది.

దేవరపల్లి దగ్గర ఒక నల్లతుమ్మ చెట్టులో పుట్టాను. ఆ చెట్టు మీద రెండుసార్లు పిడుగు పడిందట. మూడోసారి పిడుగే పక్కకి తప్పుకుని పోయిందని నన్ను చేసిన వడ్రంగి చెప్పేవాడు. అతను కాస్త కోతలరాయుడు. ఆ గుణం రంపంలోంచి నాకూ దిగింది, మీరే సర్దుకోవాలి. నన్ను తీసుకెళ్ళి పొగాకు బ్యారన్‌కి బిగించారు. పచ్చాకును రోజుల తరబడి వేడిలో పండబెట్టే పొడుగాటి గది అది. పద్దెనిమిదేళ్ళు నాకు వీపున వాన, పొట్టన నిప్పుల సెగ. ఒళ్ళు ఓ పక్కకి వంగింది, బందులు తుప్పు పట్టాయి, నాకో గొంతు వచ్చింది. మామూలు కిర్రు కాదది. ముసలాయన దగ్గు అణచుకున్నట్టు సన్నగా మొదలై, మధ్యలో ఆగి, హమ్మయ్య అని మీరు ఊపిరి వదలగానే మళ్ళీ అందుకునేది. ఆకు దించడానికొచ్చిన కూలీలు "నువ్వు తియ్యి" అంటే "నువ్వు తియ్యి" అని నా ముందు ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవాళ్ళు.

ఆ కూలీల మేస్త్రీ కొడుకు శోభనాద్రి. సినిమాలకి చప్పుళ్ళు చేసే పని నేర్చుకుని హైదరాబాదులో ఒక స్టూడియోలో కుదురుకున్నాడు. తెర మీద గుర్రం పరిగెత్తితే కొబ్బరిచిప్పలు కొట్టేవాడు, ఎముక విరిగితే ములక్కాడ విరిచేవాడు. బ్యారన్ పడగొడుతున్నారని తెలిసి లారీ మాట్లాడుకుని వచ్చి, ద్వారబంధంతో సహా నన్ను ఊడబెరుక్కుని పోయాడు. మైకు ముందు నిలబెట్టిన రోజు నాకు దండం పెట్టాడు. అప్పట్నించీ రోజూ పొద్దున్నే నన్ను ముట్టుకుని కళ్ళకద్దుకోవడం అతనికి అలవాటు.

ట్రైలర్ విద్య నేను అతని దగ్గరే నేర్చుకున్నాను. దయ్యాన్ని చూసి భయపడ్డామని మీరనుకుంటారు గానీ, దయ్యం వచ్చేసరికి మీ భయం సగం దిగిపోయి ఉంటుంది. ముందు ఒక మంచి ఇల్లు చూపిస్తారు. పిల్లలు నవ్వుతుంటారు, ఎవరో పాయసం కలుపుతుంటారు. పాట ఉన్నట్టుండి ఆగుతుంది. గోడగడియారం ఒక్కటే వినిపిస్తుంది. అప్పుడు నేను. నేను తెరుచుకుంటున్నంతసేపూ మీ మెడనరాలు నా బందులకి కట్టేసి ఉంటాయి. పూర్తిగా తెరుచుకునేలోపు తెర నల్లబడుతుంది. ఢామ్మని ఒక్క చప్పుడు. సినిమా పేరు, విడుదల తేదీ, అంతే.

"ట్రైలర్ అంటే తలుపు తియ్యడం వరకే. లోపల ఏముందో చూపించావా, అది సినిమా అయిపోతుంది. ఇంక టికెట్టెవడు కొంటాడు?" అనేవాడు శోభనాద్రి.

కొనడం అంటే గుర్తొచ్చింది. భయపడటానికి వరసలో నిలబడి, డబ్బిచ్చి, తోడుకి నలుగురిని తెచ్చుకునే జంతువు మనిషి ఒక్కడే. గొర్రె కూడా కసాయి కొట్టుకి టికెట్టు కొనదు. తణుకులో నా కిర్రు విని పారిపోయిన ఒకాయన నిడదవోలు స్టేషన్లో గానీ ఆగలేదు. సినిమా విడుదలైన శుక్రవారం మొదటాటకి ఆయనే ముందు కూర్చున్నాడు, ఈసారి బావమరిదిని వెంటబెట్టుకుని.

అలా దర్జాగా రోజులు వెళ్తుంటే ప్రభుదాసు వచ్చాడు. చీరాల మనిషి, దర్శకుడు. మొదటి సినిమాని మూడో రోజునే ఎత్తేశారు. తొమ్మిదేళ్ళు తిరిగి రెండోది తీశాడు. నలభై ఏళ్ళుగా తాళం వేసి ఉన్న బంగళా కథ అది. సినిమా పూర్తయింది, కొనేవాడు దొరకలేదు. దసరా మర్నాడు సాయంత్రం నాలుగింటికి జిల్లాల డిస్ట్రిబ్యూటర్లు మా స్టూడియోకొచ్చి ట్రైలర్ చూస్తామన్నారు. నచ్చితే సినిమా థియేటర్లకి వెళ్తుంది. నచ్చకపోతే డబ్బాలో ఉండిపోతుంది, ప్రభుదాసు వెళ్ళి మామగారి బట్టల కొట్లో కూర్చుంటాడు. కుర్చీ కూడా వేసి ఉంచారట.

ట్రైలర్ నిమిషన్నర. అందులో పదకొండు సెకన్లపాటు ఆ బంగళా తలుపు తెరుచుకుంటుంది. ఆ పదకొండు సెకన్లకి నా గొంతు కావాలి. శోభనాద్రి ఆ పని ఆ రోజు పొద్దునకే అట్టిపెట్టాడు. "పదింటికి మొదలెడితే పదింపావుకి టీ తాగుతాం," అన్నాడు.

మధ్యలో మహర్నవమి వచ్చింది. స్టూడియోలో ఆయుధపూజ. మైకులకి బొట్లు, కంప్యూటరుకి బంతిపూల దండ, కొబ్బరిచిప్పలకి కూడా కుంకుమ. పూజ చేసి అందరూ ఇళ్ళకి పోయారు, తాయారమ్మ తప్ప. గదులు తుడవడానికి రెండు నెలల కిందటే చేరిన పెద్దావిడ. రోజూ శోభనాద్రి నన్ను కళ్ళకద్దుకోవడం చూసింది కదా, అయ్యగారి అసలు ఆయుధాన్ని వదిలేశారేమిటని మనసు ఒప్పుకోలేదు. నన్ను కడిగింది, పసుపు రాసింది, బొట్టు పెట్టింది. "కీళ్ళు పట్టేశాయే నీకు, నాలాగే," అని జాలిపడి రెండు బందుల్లోనూ గ్లాసుడు ఆముదం పోసి, అటూ ఇటూ ఇరవైసార్లు ఊపింది.

నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. ముప్పయ్యేళ్ళ నొప్పి పోయింది. గొంతు కూడా దాంతోనే పోయిందని దసరా వెళ్ళిన మర్నాడు పదింటికి తెలిసింది.

శోభనాద్రి గొళ్ళెం పట్టుకుని లాగాడు. నేను మెత్తగా తెరుచుకున్నాను. మూసి మళ్ళీ లాగాడు.

"మైకు పెట్టలేదా?" అన్నాడు ప్రభుదాసు అద్దం అవతలి నుంచి.

"మైకుంది. తలుపే లేదు."

వంగి బందుల దగ్గర వాసన చూశాడు. మొహం పాలిపోయింది. ఆముదం ఒకసారి ఇనుములోకి దిగిందంటే తేలిగ్గా వదలదు. పదకొండింటికి కిరసనాయిలుతో కడిగాడు. ఇంకా నున్నగా తిరిగాను. వేడినీళ్ళు కొట్టాడు. ఇసుక పోశాడు. కిర్రుమనాల్సినదాన్ని అన్నంలో రాయి నమిలినట్టు కరకరలాడాను. ఒంటిగంట అయింది.

"నీ దగ్గరున్న పాత కిర్రుల్లో ఏదైనా వేసెయ్, అన్నా," అన్నాడు ప్రభుదాసు. వేశారు. వినగానే అతనే తల అడ్డంగా ఊపాడు. "వద్దు. సాయంత్రం వచ్చేవాళ్ళే ఆ సినిమాలన్నీ కొన్నారు. వినగానే పేర్లు చెప్పేస్తారు." కంప్యూటర్లో దొరికే కిర్రులు వేశారు. ఒకటి కప్పలా ఉంది, ఒకటి తుమ్ములా ఉంది. రెండున్నర.

తాయారమ్మ చేతిలో గుడ్డ నలుపుకుంటూ వచ్చి గోడవారగా నిలబడింది. "నేనే పోశాను బాబుగారూ. పండగ కదా అని."

"రోజూ దండం పెట్టి మీకు దారి చూపించింది నేను," అన్నాడు శోభనాద్రి. "మిమ్మల్ని ఏమంటాను?"

ప్రభుదాసు నేల మీద కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. ఆ భంగిమలో బట్టల కొట్టు నాక్కూడా కనిపించింది. నేను చేసింది తక్కువ పాపమేం కాదు. ముప్పై రెండు సినిమాలకి అరిచినదాన్ని, కావలసిననాడు మూగనోము పట్టాను.

మూడింటికి ఆఖరు ప్రయత్నం. ట్రైలర్ తెర మీద నడుస్తోంది, శోభనాద్రి దాన్ని చూస్తూ నన్ను లాగుతున్నాడు. పాట ఆగింది. గడియారం ఆగింది. తెర మీద బంగళా తలుపు, ఇక్కడ నేను, ఇద్దరం కలిసి తెరుచుకున్నాం. చీమ చిటుక్కుమనలేదు. ఆ బొమ్మని తాయారమ్మ చూడటం అదే మొదలు. గుడ్డ నలపడం మానేసింది.

"ఆ ఇల్లు ఎన్నాళ్ళనించి మూసి ఉందన్నారు, బాబూ?"

"నలభై ఏళ్ళు," అన్నాడు ప్రభుదాసు తల ఎత్తకుండానే.

"మరి బందులకి నూనె ఎవరు పోస్తున్నారు?"

నా గొళ్ళెం మీద ఉన్న శోభనాద్రి చెయ్యి చల్లబడటం నాకు తెలిసింది. ప్రభుదాసు మెల్లగా తల ఎత్తాడు.

"ఏమన్నారు, పిన్నిగారూ?"

"తప్పు మాటేం అన్లేదే."

"కాదు. ఆ మాటే, మైకు దగ్గరికొచ్చి అనండి."

మొదటిసారి ఆవిడ రేషన్ షాపులో అడిగినట్టు గట్టిగా అడిగింది. శోభనాద్రి నెమ్మదిగా చెప్పాడు, "అలా కాదమ్మా. మీ ఇంట్లో మీరొక్కరే ఉన్నప్పుడు, ఇలా తలుపు తెరుచుకుంటే ఎలా అడుగుతారో అలా." తాయారమ్మకి ఇంట్లో నిజంగానే ఎవరూ లేరు. రెండోసారి చాలా చిన్నగా అడిగింది. అది ప్రశ్నలా లేదు. జవాబు వస్తుందేమోనని భయపడుతున్నట్టుంది. శోభనాద్రి ఆ గొంతు చివర పెట్టి, ఆఖర్న వచ్చే ఢామ్మనే చప్పుడు కూడా తీసిపారేశాడు. అప్పటికి నాలుగవడానికి అయిదు నిమిషాలుంది.

ట్రైలర్ వేసే హాలు నా వెనక గోడకి అవతలే. ప్రభుదాసు లోపల కూర్చోలేక వచ్చి నా గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. నాకు వినిపించేది ఒక్కటే, ఏలూరు డిస్ట్రిబ్యూటరు వేరుశనగకాయలు వొలిచి నమలడం. ఎంత పెద్ద సినిమా అయినా ఆయన దవడ ఆగదని పేరు. పిల్లలు నవ్వారు, ఆయన నమిలాడు. పాట ఆగింది, ఆయన నమిలాడు. గడియారం ఆగింది. ఇంక ఆ పదకొండు సెకన్లు. నాలుగు, అయిదు, నములుడు నెమ్మదించింది. ఎనిమిది. తొమ్మిది. ఆగింది.

తాయారమ్మ అడిగింది. తెర నల్లబడింది. హాల్లో లైట్లు వేశారు, అయినా ఎవరూ లేవలేదు. ప్రభుదాసు నా గొళ్ళెం ఊడదీసేట్టున్నాడు.

"మా దొడ్డి తలుపు కూడా ఈమధ్య చప్పుడు చెయ్యట్లేదండీ," అంది ఏలూరు గొంతు. కాసేపాగి, "మా ఆవిడే పోస్తుందనుకుంటా."

"అడిగి చూశారా?" అన్నారెవరో.

"అడగను. ఈ సినిమా మా జిల్లాకి నాకే రాయండి."

ప్రభుదాసు నా చెక్కకి నుదురు ఆనించాడు. మళ్ళీ ఆ బట్టల కొట్టు గడప ఎక్కలేదు, పండగలకి చొక్కా గుడ్డ కొనుక్కోవడానికి తప్ప. ఆ ఏడాది గోదావరి జిల్లాల్లో ఏ తలుపుకీ ఎవరూ చుక్క నూనె పొయ్యలేదట. ఏ ఊరికెళ్ళినా మా జాతి కచేరీయే. కోతలనుకుంటే అనుకోండి.

నా గొంతు మాత్రం తిరిగి రాలేదు. శోభనాద్రి పని మానుకునే రోజున చివరిసారి కళ్ళకద్దుకుని నన్ను తాయారమ్మకి ఇచ్చేశాడు. ఇప్పుడు బోరబండలో ఆవిడ గదికి కాపలా ఉంటున్నాను. ఏటా మహర్నవమికి నాకు పసుపు, బొట్టు, గ్లాసుడు ఆముదం.

అయితే మూడు దసరాలుగా ఆవిడకి మోకాళ్ళు లేవడం లేదు. పీట ఎక్కి పైబందు అందుకోలేదు. ఆముదం సీసా మూత కూడా తియ్యలేదు. అయినా నేను ఇప్పటికీ చప్పుడు చెయ్యను. మొన్న ఆవిడ నన్ను తీసి, మూసి, మళ్ళీ తీసి, వేలితో బందు తడిమి చూసుకుంది. వేలికి తడి తగిలింది. గడపలో నిలబడి ఖాళీ గది వంక చాలాసేపు చూసింది.

ఎవరు పోస్తున్నారో నాకు తెలుసు. చెప్పను. తలుపు తియ్యడం వరకే నా పని.