సరంగమ్మ పడవకు కొత్త మీటర్లు

రేవులో ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పడవ నడిపేవాణ్ణి సరంగు అంటారు కాబట్టి ఆమె సరంగమ్మ అయిపోయింది. భర్త పోయిన ఏడాది నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆ చిన్న మోటారు పడవను ఆమే నడుపుతోంది. ఇవతలి ఒడ్డున ఇళ్ళు, అవతలి ఒడ్డున ఆసుపత్రి, బడి, రెండు ఫ్యాక్టరీలు. పన్నెండు మందిని ఎక్కించుకుని రోజుకు పద్నాలుగుసార్లు ఏరు దాటించడం ఆమె పని.

పడవలో స్టీరింగు ముందు ఐదు మీటర్లుండేవి. ఒకదాని అద్దం పగిలింది. రెండింట్లో నీళ్ళు చేరి ముళ్ళు తుప్పు పట్టాయి. మిగతా రెండూ ఇంజను ఆడినా ఆగినా ఒకే అంకె చూపించేవి. సరంగమ్మ వాటి మొహం కూడా చూసేది కాదు.

"ఇంజను నాతో నేరుగా మాట్లాడుతుంది. మధ్యలో ఈ దుబాసీలెందుకు?" అనేది ఎవరైనా అడిగితే.

కానీ ఏటా పడవల తనిఖీకి వచ్చే ఆఫీసరు ఈసారి ముందే కబురు పంపాడు. మీటర్లన్నీ పనిచేస్తేనే అనుమతి, లేకపోతే పడవ గట్టు మీదే. గడువు పదిహేను రోజులు. రేవులో ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్తే, "చేతిలో నాలుగు పడవలున్నాయక్కా, నెల దాకా నావల్ల కాదు" అనేశాడు.

ఆ మాట సరంగమ్మ ఇంటికొచ్చి చెబుతుంటే, కోడలు అన్నం వడ్డిస్తూ, "నేను బిగిస్తాను అత్తయ్యా" అంది.

కోడలు పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఒక వర్క్‌షాపులో లారీలకు వైరింగు చేసింది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో మిక్సీ, ఫ్యాను, ఇరుగుపొరుగు వాళ్ళ ఇస్త్రీపెట్టెలు తప్ప ఆ చేతులకు తగిన పని తగల్లేదు. భర్త లారీ డ్రైవరు, పది రోజులకొకసారి ఇల్లు చేరతాడు.

"లారీకీ పడవకీ తేడా ఉందమ్మాయ్," అంది సరంగమ్మ. "లారీ ఆగిపోతే దిగి నడుస్తావు. ఏటి మధ్యలో పడవ ఆగిపోతే ఎక్కడికి దిగుతావు?"

"అలా ఆగిపోకుండా ఉండటానికే కదా మీటర్లు."

జవాబు దొరకనప్పుడు సరంగమ్మ మజ్జిగ తాగుతుంది. ఆ రోజు రెండు గ్లాసులు తాగింది.

పొద్దుటి రద్దీ తగ్గాక పదకొండు నుంచి మూడు దాకా పడవ ఖాళీగా ఉంటుంది. ఆ నాలుగు గంటలే కోడలి పనివేళ. పైన టార్పాలిన్ కట్టుకుని, మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని కూర్చుంది. మొదటి చిక్కు రంధ్రాల దగ్గరే వచ్చింది. బజారులో కొన్న కొత్త మీటర్లు పాతవాటికన్నా వేలెడు వెడల్పు ఎక్కువ. గుండ్రంగా కోసే రంపం తిరగాలంటే దాని నడిమి ములుకు గుచ్చుకోవడానికి చోటుండాలి. అక్కడ ఉన్నదల్లా పాత రంధ్రం, అంటే ఉత్త గాలి. కోడలు ఒక ప్లైవుడ్ ముక్కకు సరైన కొలతలో రంధ్రం కోసి, దాన్ని పాత రంధ్రం మీద గట్టిగా బిగించి, ఆ అంచునే ఆసరా చేసుకుని రంపం తిప్పింది. ఐదు రంధ్రాలూ కాసులపేరులో కాసుల్లా వరసగా కుదిరాయి. ఆకురాయితో అంచులు నునుపు చేసి, వేలు పెట్టి చుట్టూ తడిమి, తనలో తనే "ఊఁ" అనుకుంది.

వెనకాల వైర్లు మరీ అన్యాయంగా ఉన్నాయి. పట్టుకుంటే తొడుగు వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలింది. లోపలి రాగి బొగ్గులా నల్లబడింది. అతుకు మీద అతుకు వేసి బతికించిన సంసారం అది. కోడలు మొత్తం పీకేసి, నీటి తేమకు చెడకుండా కళాయి పూసిన కొత్త వైరు లాగింది. ప్రతి కొసకూ గుడ్డ పట్టీ చుట్టి అది దేనిదో రాసింది. వేడి, ఆయిల్, ఇంజను చక్కర్లు, బ్యాటరీ, డీజిలు.

నాలుగో రోజు బ్యాటరీ కలిపి ఇంజను వేసి చూస్తే నాలుగు ముళ్ళు బుద్ధిగా లేచాయి. డీజిలు మీటరు మాత్రం పరువు తీసింది. ట్యాంకు నిండా ఉంటే ముల్లు సున్నా మీద పడుకుంది.

అటుగా వెళ్తున్న మేస్త్రీ తొంగిచూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, నీ కోడలు పెట్టిన మీటరు తలకిందులుగా నడుస్తోంది! నిండితే ఖాళీ, ఖాళీ అయితే నిండు! అత్త లేని కోడలు ఉత్తమురాలు, మీటర్లు లేని పడవ నిశ్చింత అని ఊరికే అన్నారా పెద్దలు?"

"రెండో ముక్క ఏ పెద్దలన్నారు?" అంది సరంగమ్మ.

"నేనే. నేను మాత్రం చిన్నవాణ్ణా?"

కోడలు నవ్వలేదు, కోప్పడలేదు. ట్యాంకులోంచి తేలుడు బుడ్డి ఉన్న కాడను పైకి తీసింది. డీజిలు ఎంతుందో మీటరుకు చెప్పేది అదే. బుడ్డిని చేత్తో పైకీ కిందికీ కదుపుతూ మల్టీమీటరులో అంకెలు చూసింది. మీటరుతో వచ్చిన కాగితంలో ఎక్కడ పెరగాలని ఉందో, సరిగ్గా అక్కడే అంకెలు తగ్గుతున్నాయి. మీటరుది ఒక జాతి, పాత కాడది ఇంకో జాతి. మూడు షాపులు తిరిగి, మీటరుకు జోడైన కాడను తెచ్చి మర్నాడు బిగించింది. ముల్లు మెల్లగా లేచి నిండు గీత మీద నిలబడింది. మేస్త్రీ చూశాడు కానీ, ఆ పూట అతనికి వేరే పని గుర్తొచ్చింది.

ఇక మిగిలింది బజరు. ఇంజను వేడెక్కినా, ఆయిల్ తగ్గినా కూతపెట్టే చిన్న డబ్బా. కోడలు దాన్ని బిగించి, పనిచేస్తుందో లేదో చూడటానికి వైరు కొసను ఇంజను ఒంటికి ఆనించింది. బజరు చెవులు చిల్లులు పడేలా అరిచింది. గుంజ మీద కూర్చున్న పక్షులు రెండు లేచిపోయాయి. మూడు పడవల అవతల మేస్త్రీ తలెత్తి చూశాడు.

రెండు బారల దూరంలో, వెనక బల్ల మీద అటు తిరిగి కూర్చుని తాడు పేనుతున్న సరంగమ్మ మాత్రం తల తిప్పలేదు.

కోడలు మళ్ళీ ఆనించింది. ఈసారి ఎక్కువసేపు. సరంగమ్మ తాడు కొస నోట కరుచుకుని ముడి బిగిస్తూనే ఉంది.

కోడలి చేయి అలాగే ఆగిపోయింది. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇంట్లో వెనక నుంచి పిలిస్తే పలక్కపోవడం, "పరధ్యానం" అని తనే సర్దుకోవడం. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలవంకే చూడటం. పడవలో ఎండ మాడుస్తున్నా చెప్పులు వేసుకోకపోవడం. అది అలవాటనుకుంది ఇన్నాళ్ళూ. చెక్క మీద ఉత్త పాదాలు ఆనించి ఇంజను అదురును అందుకుంటోందామె. వినపడటం మానేశాక ఎన్నాళ్ళుగా అలా కాళ్ళతో వింటోందో!

కోడలు ఆ సంగతి అత్తతో అనలేదు, భర్తతో ఫోన్‌లోనూ చెప్పలేదు. మర్నాడు నిమ్మకాయంత ఎర్రదీపం ఒకటి కొనుక్కొచ్చింది. స్టీరింగు పట్టుకుని నీళ్ళవైపు చూస్తున్న మనిషి కంటికి సూటిగా తగిలేలా, అత్త ఎత్తు కొలుచుకుని అక్కడ బిగించింది. బజరుకు వెళ్ళే వైరునే దానికీ కలిపింది.

"ఈ దీపమేంటి?" అంది సరంగమ్మ.

కోడలు ఎదురుగా వచ్చి నిలబడి చెప్పింది. "ఇంజనుకు ఏదైనా అయితే వెలుగుతుంది."

"దానికి బజరుందిగా?"

"ఇంజను హోరులో బజరు ఎవరికి వినపడుతుంది అత్తయ్యా? నాకే వినపడదు."

సరంగమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "నీకే వినపడదా?"

"ఊఁహూఁ."

సరంగమ్మ తాడు విప్పడానికి వెళ్ళింది. కానీ ఆ సాయంత్రం కోడలు పానా అడిగేలోపే తెచ్చి చేతిలో పెట్టింది. అంతకుముందు అలా ఎన్నడూ లేదు.

తనిఖీ రోజు ఆఫీసరు, మేస్త్రీ, అత్తాకోడళ్ళు నలుగురూ పడవెక్కారు. మేస్త్రీని ఎవరూ పిలవలేదు. తమాషా చూద్దామని తనే వచ్చాడు. ఆఫీసరు మీటర్లు ఒక్కొక్కటీ చూసి రాసుకున్నాడు. ఏటి మధ్యకు వచ్చాక పూర్తి వేగం పెట్టమన్నాడు. వానలకు ఎగువ నుంచి నాచు గుంపులు గుంపులుగా కొట్టుకొస్తోంది.

ఉన్నట్టుండి ఎర్రదీపం వెలిగింది. మరుక్షణమే సరంగమ్మ వేగం తగ్గించింది. ఎనభై మీద ఉండాల్సిన వేడి ముల్లు నూరు దాటుతోంది. "లంగరు!" అని కేకేసి ఇంజను ఆపేసింది. మేస్త్రీ లంగరు వదిలాడు. కోడలు అప్పటికే ఇంజను మూత ఎత్తి, నీళ్ళు వచ్చే వాల్వు కట్టేసి, జల్లెడ గిన్నె విప్పుతోంది. ఇంజనును చల్లబరిచే నీళ్ళు అందులోంచే రావాలి. దాన్నిండా పచ్చటి నాచు కూరి ఉంది. గుప్పిళ్ళతో తీసి, కడిగి, మళ్ళీ బిగించింది. కొంచెం చల్లారనిచ్చి ఇంజను వేస్తే, ముల్లు నెమ్మదిగా దిగి ఎనభై దగ్గర ఆగింది.

ఆఫీసరు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "బజరు విని నేను తలెత్తేసరికే మీరు వేగం తగ్గించేశారమ్మా. ఈ వయసులో ఏం చెవులండీ మీవి!"

ఊరుకుంటే ఆ మెచ్చుకోలు ఆమెదే. సరంగమ్మ ఊరుకోలేదు.

"చెవులు కావు సారూ. బజరు నాకు వినపడలేదు. రెండేళ్ళుగా చెవులు మందగించాయి. ఎవరికీ చెప్పలేదు, చెబితే స్టీరింగు లాక్కుంటారని." ఆమె తల వంచలేదు. "దీపం చూసి ఆపాను. ఆ దీపం నేను అడిగి పెట్టించుకుంది కాదు. మా కోడలు కనిపెట్టింది. నన్ను ఒక్క మాట అనకుండా, నలుగురిలో నా పరువు పోకుండా, నా కంటికెదురుగా పెట్టింది. రాసుకోండి సారూ, ఈ మీటర్లన్నీ మా కోడలు బిగించినవి."

కోడలు నాచు చేతులు పైట చెంగుతో తుడుచుకుంటూ ఎటు చూడాలో తెలియక జల్లెడ మూత మళ్ళీ బిగించింది. అది బిగిసే ఉంది.

ఆఫీసరు డ్యాష్‌బోర్డు వెనక పలక తీయించి చూశాడు. వైర్లన్నీ జడ అల్లినట్టు ఒక్క వరసలో ఉన్నాయి. "కంపెనీ పనిలా ఉందే!" అన్నాడు.

"కంపెనీవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా చెయ్యరు సార్," అన్నాడు మేస్త్రీ. "నేనైతే అస్సలు చెయ్యను."

ఆఫీసరు కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. చెవుల పరీక్ష చేయించుకుని, మిషను పెట్టుకుని, డాక్టరు కాగితం తేవాలి. అప్పటిదాకా పడవలో పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ షరతు మీద అనుమతి రాశాడు. ఆ ఇంకో మనిషి ఎవరని ఎవరూ అడగలేదు.

మూడు వారాలకు సరంగమ్మ చెవికి మిషను వచ్చింది. పెట్టుకున్న మొదటి రోజంతా విసుక్కుంది. "లోకంలో ఇంత రొద ఉందా! మీరంతా రోజూ ఇందులోనే బతుకుతున్నారా?"

రెండో రోజు పొద్దున మొదటి ట్రిప్పుకు ఆసుపత్రి నర్సు ఎక్కి, కొత్త మీటర్లు చూసి, "బాగున్నాయే, ఏం చెబుతాయి ఇవి?" అని మాటవరసకు అడిగింది. అదే ఆమె చేసిన పొరపాటు. సరంగమ్మ తాడు విప్పబోతున్నదల్లా ఆగి, వెనక బల్లవాళ్ళను కూడా ముందుకు పిలిచి మొదలుపెట్టింది. ఇది చక్కర్లు, ఇది వేడి, ఇది ఆయిల్. ఈ రంధ్రాలు ఎలా కోసిందో తెలుసా? ప్లైవుడ్ ముక్క పెట్టి! డీజిలు మీటరుది ఒక జాతి, కాడది ఇంకో జాతి, ఎలా పట్టిందో తెలుసా?

"అత్తయ్యా, టైమవుతోంది," అంది కోడలు.

"ఉండమ్మాయ్, వైర్లు చూపించలేదు ఇంకా," అంటూ సరంగమ్మ వెనక పలక మరలు విప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నర్సు డ్యూటీకి, ఇద్దరు టీచర్లు బడికి పావుగంట ఆలస్యంగా చేరారు. కోడలు పడవ చివర కూర్చుని, నవ్వు ఎవరికీ కనిపించకుండా మొహం నీళ్ళవైపు తిప్పుకుంది.