ఖాళీగా రాకూడని గిన్నె

బర్మా రాజు మీద ఇంగ్లీషు దొరలు యుద్ధానికి దిగిన ఏడు కాకినాడ రేవులో సర్కారుకి రెండు భయాలు పట్టుకున్నాయి. రంగూనులో ఉన్న పటాలానికి బియ్యం వేళకి చేరదేమోనని ఒక భయం. రంగూను నుంచి వచ్చే ఓడల్లో కలరా దిగుతుందేమోనని రెండో భయం. రెండు భయాలకీ చెరో చట్టం పుట్టింది. బియ్యం బస్తా సర్కారు చెప్పిన చోటికి తప్ప కదలకూడదు. రంగూను ఓడ డాక్టరు సరేననేదాకా మనిషిని దింపకూడదు. అటుపక్క యుద్ధం మొదలైన కొద్దిరోజులకే రాజుని పట్టుకుపోయారనీ, అంతటితో అయిపోయిందనీ కబురొచ్చింది. అయిపోయిన యుద్ధానికి ఇంకా ఇంత బియ్యం దేనికని అడిగే మనిషి మాత్రం రేవు మొత్తం మీద లేడు.

వీరవేణికి ఈ చట్టాల గొడవేమీ తెలియదు. ఆమెది కోరంగి. మొగుడు బుల్లియ్య అన్నపూర్ణ అనే తెరచాప ఓడలో తాళ్ళు లాగే ఖలాసీ. వినాయక చవితి వెళ్ళిన మర్నాడు, రెండు నెలల్లో వచ్చేస్తానని చెప్పి ఓడెక్కాడు. దీపావళి పోయింది, కార్తీకం పోయింది, సంక్రాంతి ముగ్గులు కూడా చెరిగిపోయాయి. మాఘమాసంలో ఓ పొద్దున్న, అన్నపూర్ణ కాకినాడ ఎదురుగా లంగరు వేసిందని ఆమె అన్న అమ్మిరాజు కబురు పెట్టాడు. వీరవేణి తలకి నూనె కూడా రాసుకోకుండా బయల్దేరి, జగన్నాథపురంలో అన్న ఇంట్లో దిగింది.

తీరా వచ్చి చూస్తే ఓడ కళ్ళెదురుగానే ఉంది. మొగుడు మాత్రం లేడు.

"దార్లో ఇద్దరు పోయారంటమ్మా," అన్నాడు అమ్మిరాజు. "కలరా. బుల్లియ్య బాగానే ఉన్నాడు, కంగారు పడకు. పది రోజులు కొత్తగా ఎవరికీ సోకకపోతే దింపుతారంట. ఆ తెరచాప కొయ్య మీద పసుపు జెండా ఉంది చూశావా, అది ఉన్నన్నాళ్ళూ ఓడకి ఎవరూ తగలకూడదు."

పసుపంటే ఆడదాని పుస్తెకి రాసేది, గడపకి రాసేది, పిల్లల ఒంటికి పూసేది. అలాంటి పసుపుని ఎవరూ తగలకూడదని చెప్పడానికి జెండాగా ఎగరేసిన బుద్ధి ఏ దొరదో గానీ, వీరవేణికి వాడి మీద ఒళ్ళు మండిపోయింది.

కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు, దూరంగా నిలబడిపోతాయి. ఒడ్డున నిలబడితే కొయ్యలు కనిపిస్తాయి, తాళ్ళు కనిపిస్తాయి, వాటి మీద పాకే మనుషులు చీమల్లా కనిపిస్తారు. అందులో ఏ చీమ బుల్లియ్యో తెలియదు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి ఇసకలో కూర్చుని, ఒకణ్ణి బుల్లియ్య అనుకుని మధ్యాహ్నందాకా చూసేది. సాయంత్రం ఇంకొకణ్ణి అనుకునేది. ఎవరో ఒకణ్ణి చూడకుండా ఉండలేకపోయేది.

ఓడకి మంచినీళ్ళు మోసే పడవ అమ్మిరాజుది. సర్కారు నుంచి అనుమతి ఉన్న పడవ అదొక్కటే. పడవని ఓడకి అంటించకూడదు. కొంచెం దూరంలో ఆపితే, పైనుంచి తాడు కట్టిన చెక్క ఒకటి నీళ్ళలోకి వదులుతారు. పీపాలు, ఉప్పూ పప్పూ, ఇళ్ళ దగ్గర్నుంచి వచ్చిన అన్నం కుండలు దాని మీద పెడితే పైకి లాక్కుంటారు. తిన్నాక ఆ కుండలు అక్కడే పగలగొట్టి పారెయ్యాలి. వెళ్ళినవి వెళ్ళినట్టే. ఓడ మీంచి చీపురుపుల్ల కూడా తిరిగి రాకూడదు. వస్తే ఆ పది రోజుల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇది చూడ్డానికి ఒక బంట్రోతు, తలపాగా సర్దుకుంటూ, వేరే పడవలో కూర్చుని ఉండేవాడు.

వీరవేణి రోజూ కుండలో కూర వండి పంపేది. నాలుగైదు రోజులయ్యాక ఆమెకో దిగులు పట్టుకుంది.

"అన్నాయ్, నేను పంపింది ఆయనకి అందుతోందా?"

"అందకేం. అందరివీ పైకి లాగి, అందరూ కలిసి తింటారు."

"అయితే ఏది నేను వండిందో ఆయనకెలా తెలుస్తుంది?"

కుండకీ కుండకీ తేడా ఏముంటుంది.

బుల్లియ్య అన్నం తినే తీరు ఒకటుంది, అది ఇక్కడే చెప్పుకోవాలి. ఎంత ఆకలి మీద కూర్చున్నా, చివరికొచ్చేసరికి ఓ ముద్ద కలిపి ఆకు అంచున పెట్టి, కడుపు నిండిపోయిందే అని లేచిపోయేవాడు. అది పచ్చి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. తాళ్ళు లాగి లాగి వచ్చిన మనిషికి కడుపెక్కడ నిండుతుంది. పైగా కూరలో మంచి ముక్కలన్నీ ఏరి ఆ ముద్దలోనే దాచేవాడు. అతను లేచాక అదే ఆకు ముందు కూర్చుని ఆమె మొట్టమొదట తినేది ఆ ముద్ద. అతను ఓడెక్కి వెళ్ళిపోయిన నెలల్లో ఆమెకి మిగతావన్నీ అలవాటయ్యాయి గానీ, ఆ ముద్ద లేకుండా అన్నం మొదలుపెట్టడం అలవాటు కాలేదు.

మర్నాడు ఆమె ఎండుమెత్తళ్ళ చేపలు వేసి వంకాయ కూర వండింది. అన్నంతో సహా తన ఇత్తడి గిన్నెలో సర్ది, మూత పెట్టి, గుడ్డతో మూట కట్టింది. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు ఇచ్చిన గిన్నె అది. కోరంగి నుంచి వస్తూ ఎందుకో వెంట తెచ్చుకుంది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు చెక్కి ఉంది. మొగుడికీ పెళ్ళానికీ చదువు రాదు. అయినా చీకట్లో వేలితో తడిమితే చాలు, ఆ చుక్కలు ఎవరివో బుల్లియ్యకి తెలుస్తుంది.

"కుండలో పెట్టమ్మా," అన్నాడు అమ్మిరాజు. "ఇది ఒచ్చేది కాదు."

"రాకపోతే పోనీ. ఒక్కసారి ఆయన చెయ్యి దీనికి తగిలితే చాలు."

అమ్మిరాజు మెత్తని మనిషి. చెల్లెలి మొహం చూసి, గిన్నె అందుకుని పడవెక్కాడు.

పోయిందనుకున్న గిన్నె పోలేదు. ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెని పారెయ్యడం ఈ దేశంలో ఎవరికీ చేతకాదు. ఖాళీగా తిప్పి పంపడం అసలే చేతకాదు. పంచదారో, పసుపుకొమ్మో, ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమో వేసి పంపాలి. దొర రాసిన చట్టంలో ఈ సంగతి లేదు. ఆ సాయంత్రం అమ్మిరాజు మళ్ళీ నీళ్ళు తీసుకెళ్ళినప్పుడు, పీపాలన్నీ పైకి వెళ్ళాక చెక్క మళ్ళీ కిందికి దిగింది. దాని మీద, గుడ్డతో బిగించి కట్టిన ఇత్తడి గిన్నె ఉంది. అమ్మిరాజు తెడ్డు చాచి చెక్కని దగ్గరికి లాక్కోబోయాడు. వెనకనుంచి బంట్రోతు కేక వేశాడు.

ఒడ్డున కూర్చున్న వీరవేణికి ఇదేమీ తెలియలేదు. రెండు పడవలు ఒకదాని పక్కకొకటి చేరడం, ఎంతకీ కదలకపోవడం మాత్రం చూసింది.

గిన్నెకి చెయ్యి తగల్లేదు కాబట్టి అమ్మిరాజు బతికిపోయాడు. నీళ్ళ పడవ పని మాత్రం పోయింది. బంట్రోతు గిన్నెని కొక్కేనికి తగిలించుకుని రేవు ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. డాక్టరు దొర పది రోజుల లెక్క మళ్ళీ మొదట్నుంచి వెయ్యమన్నాడు.

జగన్నాథపురంలో రెండు రోజులు ఇదే కబురు. గిన్నెలో రంగూను కెంపులున్నాయని ఒకరు, బర్మా పట్టు ఉందని ఒకరు. వీరవేణి ఏ మాటా చెవిన వేసుకోలేదు. ఆయన తిరిగి పంపాడు, ఖాళీగా పంపి ఉండడు, ఏం పెట్టాడు అన్నదొక్కటే ఆమె మనసులో తిరిగేది. దాని వెనకే ఇంకో మాట కూడా తిరిగేది. కుండలోనే పంపి ఉంటే ఇంకో నాలుగు రోజుల్లో మనిషే వచ్చేవాడు.

నిజానికి ఆ నాలుగు రోజులే అన్నిటికీ మూలం. అన్నపూర్ణ అడుగు చెక్కలు కుళ్ళిపోయాయి. లెక్క పూర్తవగానే కోరంగి పాయలోకి తీసుకెళ్ళి, ఒడ్డెక్కించి బాగుచెయ్యాలని ఓడ యజమాని ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. ఒడ్డెక్కిన ఓడని లాక్కోవడానికి సర్కారుకి కూడా వీలుండదు. లెక్క మొదటికొచ్చి ఓడ సముద్రంలోనే ఉండిపోయింది. ఈలోగా మద్రాసు నుంచి ఉత్తర్వు దిగింది. లంగరు మీదున్న ఓడలన్నీ పటాలం బియ్యం ఎత్తుకుని రంగూను వెళ్ళాలి. డాక్టరు దొర పడవ మీద వెళ్ళి దూరం నుంచే చూసి, మనుషులు నిక్షేపంలా ఉన్నారని రాసిచ్చాడు. ఒడ్డుకి మాత్రం ఎవరినీ దింపొద్దన్నాడు. పెళ్ళాల దగ్గరికి రావడానికి పనికిరాని ఒళ్ళు ఒక్క సంతకంతో యుద్ధానికి పనికొచ్చేసింది. ఆ తడవకి కుళ్ళిన చెక్కలు కూడా పనికొచ్చాయి.

బస్తాలు ఎక్కుతున్నన్నాళ్ళూ వీరవేణి ఒడ్డు వదల్లేదు. పడవవాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది. ఒక్కడూ ఎక్కించుకోలేదు. అమ్మిరాజు గతి చూశాక ఎవడికి ధైర్యం. చివరి రోజు ఆమె లేచి, తిన్నగా రేవు ఆఫీసుకి నడిచింది.

అక్కడ మందుల గదిలో కాంపౌండరు జ్ఞానప్రకాశం ఉన్నాడు. మిషను బడిలో చదువుకున్నవాడు, గట్టిగా మాట్లాడ్డం రానివాడు. గుమ్మంలో బంట్రోతు స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు.

"నా గిన్నె కోసం వచ్చానండి," అంది.

జ్ఞానప్రకాశం లోపలికెళ్ళి తెచ్చిచ్చాడు. సున్నపు తేటలో ముంచి, మసిలే నీళ్ళలో ఉడకబెట్టి, బూడిదతో తోమించిన గిన్నె. లోపల కళాయి కూడా లేచిపోయింది. తళతళా మెరుస్తోంది, వట్టిగా ఉంది.

"ఇందులో ఏముందండి?"

అతను నోరు తెరిచేలోగా బంట్రోతు కళ్ళు తెరిచి నవ్వాడు. "ఏముంటుంది, కెంపులనుకున్నావా? తినగా మిగిలిన ఎంగిలి కూడు పంపాడు నీ మొగుడు. ఓ ముద్ద. దాని నిండా మెత్తళ్ళు. దొర దగ్గరుండి గుంట తీయించి, సున్నం పోసి పూడ్పించాడు. దీనికోసం ఇంత రాద్ధాంతం."

కూర్చోమని జ్ఞానప్రకాశం అంటున్నది వీరవేణికి వినిపించలేదు. దాని నిండా మెత్తళ్ళు. అంటే అన్నీ ఏరి దాంట్లోనే పెట్టాడన్నమాట. అన్ని నెలల తర్వాత ఇంటి కూర దొరికితే, ఆ మనిషి అప్పుడు కూడా కడుపు నిండిపోయిందన్నాడు.

జ్ఞానప్రకాశం మెల్లిగా అన్నాడు. "అమ్మా, బాధపడకండి. ఆ ముద్దలో రోగం ఉందో లేదో దేవుడికే తెలుసు. ఉండి, మీరు తిని ఉంటే ఈపాటికి మీరుండేవారు కాదు."

"తినేదాన్నేనండి," అంది వీరవేణి. "ఉందని తెలిసినా తినేదాన్నే."

బంట్రోతు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, దానికేసే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె బయటికొచ్చేసరికి అన్నపూర్ణ తెరచాప ఎత్తేసింది. కొయ్య మీద పసుపు జెండా లేదు. తాళ్ళ మీద మనుషులు పాకుతున్నారు. ఈసారి ఆమె అందులో ఎవరినీ ఏరుకోలేదు. కొంగుతో గిన్నె తుడిచి, ఎండలో మెరిసేలా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, ఓడ కనుమరుగయ్యేదాకా నిలబడింది. చూశాడో లేదో.

తర్వాత ఆమె కోరంగి వెళ్ళిపోయింది. వెళ్ళిన రోజు పొయ్యి వెలిగించి, వండి, ఆకు వేసుకుని కూర్చుంది. వడ్డించుకున్నదంతా తిని, చివరికి మిగిలిన అన్నంలో మంచి ముక్కలు కలిపి ముద్ద చేసి ఆకు అంచున పెట్టి లేచింది. దాన్ని ఆ గిన్నెలో వేసుకుని వీధి చివర పాయ దగ్గరికి నడిచింది. ఆటు మొదలై, నీళ్ళు సముద్రంకేసి లాగుతున్నాయి. గట్టు మీద బట్టలుతుకుతున్న పక్కింటి పాపాయమ్మ, ఆమె ముద్దని నీళ్ళలో వదలడం చూసి గుండెలు బాదుకుంది.

"ఏంటే ఆ పని? బతికున్న మొగుడికి పిండం పెడతావా?"

"పిండం కాదత్తా," అంది వీరవేణి గిన్నె కడుక్కుంటూ. "ఆయన వాటా. అక్కణ్ణుంచి ఏదీ రాకూడదన్నారు గానీ, ఇక్కణ్ణుంచి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు."