ఉప్పునీళ్ళ డబ్బా

బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, పెరట్లో రెండు డాల్డా డబ్బాల ముందు కూర్చున్నాను. ఒక డబ్బాలోని మొక్కకి మంచినీళ్ళు పోశాను. రెండోదానికి గల్లుప్పు కలిపిన నీళ్ళు.

మా అత్తగారు కన్యకాపరమేశ్వరి గుమ్మంలోంచి కేకేశారు.

"ఉప్పునీళ్ళు పోస్తన్నావేటమ్మీ? సచ్చిపోదేటి?"

"అదే సూద్దారని అత్తయ్యా."

కళింగపట్నంలో మా చెల్లెలి సీమంతానికి వెళ్ళినప్పుడు సముద్రపొడ్డున దొరికిందా మొక్క. చామంతి జాతిదే. ఇసుక మీద తీగలా పాకుతూ, కణుపు కణుపుకీ వేళ్ళు దించుకుంటూ, చిన్న పసుపు పూలు పూస్తుంది. తుంచితే పాలు కారతాయి. రెండు ముక్కలు తడిబట్టలో చుట్టి మా ఊరు రాయగడ తెచ్చుకున్నాను. ఈ కొండల మధ్య బతుకుతుందా? ఉప్పు లేకపోతే బెంగపెట్టుకుంటుందా? పెళ్ళితో ఆగిపోయిన బీయెస్సీ తర్వాత నాకై నాకు పుట్టిన ప్రశ్న ఇదే. మిగతావన్నీ ఇంట్లోవాళ్ళు నన్నడిగేవి. టిఫినయిందా, చొక్కా ఎక్కడ, కొట్లోకి టీ పంపలేదేం? మా ఆయన గణపతిరావు డబ్బాలు చూసి నవ్వేడు. "గడ్డికి ఇంత సేవేటి? కాలీగా ఉంటే మిరపకాయల తొడిమలు తియ్యొచ్చు కదా" అన్నాడు. ఖాళీగా ఎప్పుడున్నానో నాకూ తెలుసుకోవాలనిపించింది.

వానలు వెళ్ళేసరికి రెండూ బతికాయి. కానీ గుబురుగా అల్లుకుని ముందు పూసింది మంచినీళ్ళ మొక్క! ఉప్పునీళ్ళది ఆకులు ముడుచుకుని, పొట్టిగా ఉండిపోయింది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. దీనికి ఉప్పు అక్కర్లేదు. ఓర్చుకోవడం తెలుసు, అంతే. ఓర్చుకుంటున్నదాన్ని చూసి, అదే దాని ఇష్టమనుకున్నాను.

ఆ మధ్యాహ్నం తెరుబలి ఫ్యాక్టరీ నుంచి మా ఆయన స్నేహితులు భోజనానికొచ్చారు. నేను మళ్ళీ మళ్ళీ వడ్డిస్తుంటే ఆయన గర్వంగా చెప్తున్నాడు.

"మా విజయదుర్గకి పదిమందికి వొండిపెట్టడమంటే మహా సరదా! కూకోమన్నా కూకోదు."

కూర్చోమని ఆయన ఎప్పుడూ అనలేదు.

"సరదా కాదండీ" అన్నాను, గరిటె గిన్నెలో పెట్టి. "ఓర్చుకుంటన్నాను."

అత్తగారు కసురుతారనుకున్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, సాంబారు గిన్నె వాళ్ళ ముందుకి జరిపి, "వొడ్డించుకోండి బాబూ, మీకేటి కావాలంటే అది" అన్నారు అతిథులతో.

చేతులు కడుక్కున్నాను.

"ఆదివారం కళింగపట్నం వెళ్తన్నాను."

మా ఆయన కంగారుపడ్డాడు. "ఏం? అక్కడ ఎవరికేటయింది?"

"ఎవరికీ ఏటీ అవలేదండీ. ఆ మొక్క వేరు ఇసకలో ఎంత లోతుకెళ్తాదో తవ్వి సూడాలి."